మళ్ళీ వస్తాదిలే

విత్తనానికి వేరుశనగ ఒలిచేటప్పుడు కాయను పళ్ళతో కొరకొద్దని నారాయణమ్మ ఏటా చెబుతుంది. చెప్పేటప్పుడు కోడలి వైపు చూడదు. ఆ చూడకపోవడంలోనే అంతా ఉంటుంది. "కొరికితే గింజ ముక్కయితాది. ముక్కగింజ మొలవదు. కూలికొచ్చినోల్లకు చెప్తాండానమ్మా, మా ఇంట్లోదానికి చెప్పే పనే లేదు. కొరకాలంటే పళ్ళుండల్ల కదా." చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు నవ్వుతారు. కోడలు తిమ్మక్క కూడా నవ్వుతుంది, కాకపోతే ముందు కొంగు పైకి జరిపి నోటికి అడ్డం పెట్టుకుని, ఆ తర్వాత నవ్వుతుంది. ఆ ఇంటికి కాపురానికి వచ్చాక ఆమె కొంగు అడ్డం లేకుండా నవ్వింది ఒకే ఒక్కసారి. ఆ సంగతి తర్వాత వస్తుంది.

నిజానికి గంపల కొద్దీ కాయలు ఒలిచేది తిమ్మక్కే. కసువూడ్చి, పశువుల కొట్టం ఎత్తి, నీళ్ళు మోసి, సంగటి కెలికి, అందరూ తిని లేచాక అడుగున మిగిలింది తిని, అప్పుడు వచ్చి కూర్చుంటుంది ఒలవడానికి. దాన్ని పని అని ఆ ఇంట్లో ఎవరూ అనరు. "తిమ్మక్క ఊరికే కూర్చోనుంది కదా, నాలుగు కాయలు ఒలుస్తాంది" అంటారు. బొటనవేళ్ళ గోళ్ళ కింద చర్మం లేచిపోయి, ఉప్పు తగిలితే ప్రాణం పోయినంత పని అవుతుంది. మంచి గింజలు విత్తనానికి ఒక చేటలోకి, ముక్కలు ఊరిబిండి పచ్చడికి ఇంకో చేటలోకి. అత్త ఆమెకు పెట్టిన పేరు కూడా ఆ రెండో చేటలోదే. "ఏమ్మే ముక్కగింజా, పొయ్యి చూడు." పదేళ్ళకు పైగా ఆ పేరుతోనే పిలవడం వల్ల అందులో ఇప్పుడు కోపం కూడా లేకుండా పోయింది. పిలిచేవాళ్ళకు లేదు, పలికేదానికీ లేదు.

పైవరసలో ముందున్న రెండు పళ్ళలో కుడివైపుది ఆమెకు సగానికే ఉంది. ఉన్న సగం కూడా మాడిన రొట్టె రంగులో ఉంటుంది.

అది విరిగింది పెద్ద కరువు వచ్చిన ఏడు. ఊరూరా గంజి పోస్తున్న రోజులు. గుమ్మఘట్ట దారిలో సర్కారు వాళ్ళు రోడ్డు పని పెడితే, తిమ్మక్క వాళ్ళ నాయన కదిరప్ప కూతుర్ని కూడా వెంటబెట్టుకుని కంకర కొట్టడానికి పోయాడు. పదేళ్ళ పిల్లకు సుత్తి ఇవ్వరు కాబట్టి ఆమె రాళ్ళు అందించేది. నాయన కొట్టిన దెబ్బకు పలుగురాయి పెచ్చు ఒకటి ఎగిరి వచ్చి నోటికి తగిలింది. ఏమైందో తెలిసేలోగా నోటినిండా రక్తం. కదిరప్ప సుత్తి పారేసి, బిడ్డను ఎత్తుకోకుండా, ముందు కిందికి వంగి పన్నుముక్క కోసం కంకరలో వెతికాడు. ఆ తెల్లరాళ్ళలో తెల్లముక్క ఎలా దొరికిందో మరి, దొరికింది అన్నాడు. ఇంటికి పోయాక దాన్ని పేడముద్దలో పెట్టి మిద్దె మీదికి విసరాలి. పాలపన్ను ఊడినప్పుడు అందరిళ్ళలోనూ చేసేదే. అయితే ఆ ఏడు గడ్డి లేక పశువులన్నిటినీ సంతకు తోలేసుకున్నారు. ఊళ్ళో పిడికెడు పేడ దొరక్క కదిరప్ప పొద్దు వాలేదాకా తిరిగి, ఎక్కడి నుంచో ఎండిన పిడక ఒకటి తెచ్చి, నీళ్ళలో నానబెట్టి, ముద్ద చేసి, ముక్కను అందులో పెట్టి మిద్దె మీదికి విసిరాడు. "ఏడవద్దు బిడ్డా, మళ్ళీ వస్తాదిలే" అన్నాడు.

ఆ పన్ను పాలపన్ను కాదు. ఒకసారి ఊడి, మళ్ళీ వచ్చిన పన్నే అది. కదిరప్పకు ఆ సంగతి తెలుసు. తెలిసీ అన్నాడు. ఆయన చేతిలో ఉండింది ఆ మాట ఒకటే. తిమ్మక్క మాత్రం నమ్మింది. పొద్దున్నే లేవగానే నాలుకతో తడిమి చూసుకునేది. గంజి వేడిగా తగిలితే జివ్వుమనేది, చల్లనీళ్ళు తగిలినా జివ్వుమనేది. అలా జివ్వుమంటే లోపల పన్ను పెరుగుతోంది కాబోలు అనుకునేది. కొన్నాళ్ళకు ఏం తగిలినా నొప్పి లేదు. ఇంటిల్లిపాదీ సంతోషించారు. నొప్పి లేకపోవడమంటే లోపల చచ్చిపోవడమని వాళ్ళకు చెప్పేవాళ్ళెవరున్నారు? ఆ తర్వాత పన్ను బూడిదరంగుకు తిరిగింది, అక్కడ నుంచి నల్లబడింది, పైన చిగురు మీద చీముబొబ్బ లేచింది. బొబ్బ వచ్చినప్పుడల్లా తుమ్మముల్లుతో పొడుచుకుని, ఉప్పునీళ్ళు పుక్కిలించి, గంప నెత్తిన పెట్టుకుని పనికి పోవడం ఆమెకు ముట్టు వచ్చినంత మామూలైపోయింది. నాయన ఆ పొద్దు మిద్దె మీదికి విసిరింది పన్నుముక్క కాదు, పలుగురాయి ముక్కేనేమో అని కూడా ఆమెకు ఒకప్పుడు తోచింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

పెళ్ళిచూపులకు వాళ్ళు వచ్చినప్పుడు ఆమె తల ఎత్తలేదు, కొంగు దించలేదు, అడిగినదానికి కొంగులోంచే జవాబిచ్చింది. నారాయణమ్మ మురిసిపోయింది. "పిల్లంటే ఇట్లుండల్ల, పల్లు కనపడనీకుండా" అని అక్కడే ఒప్పేసుకుంది. ఎవరూ మోసం చేయలేదు. పిల్ల సిగ్గుపడుతోందనుకున్నారు వీళ్ళు, పిల్ల అణకువ నచ్చిందనుకున్నారు వాళ్ళు. కొంగు వెనక ఏముందని ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు.

పెళ్ళయిన కొత్తలో ఒకనాడు మొగుడు చౌడప్ప ఎద్దును కట్టేస్తుంటే, అది అతని తలగుడ్డ లాగి కరకరా నమలడం మొదలుపెట్టింది. ఇతను ఇటు లాగుతాడు, అది అటు లాగుతుంది. తిమ్మక్కకు పదిహేనేళ్ళు. చేతిలో గడ్డిమోపు ఉంది, కొంగు పట్టుకోవడానికి చెయ్యి లేదు. పగలబడి నవ్వింది. చౌడప్ప కూడా నవ్వుతూ ఇటు తిరిగాడు. తిరిగి ఆమె నోటిని చూశాడు. అతని నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. "నోరు మూసుకో. ఎవురన్నా చూస్తారు" అన్నాడు. తిట్టలేదు. కుండ మీద మూత పెట్టమన్నట్టు అన్నాడు, అంతే. అతను కొట్టే మనిషి కాదు, తాగే మనిషి కాదు. ఆ మాట మళ్ళీ అనాల్సిన అవసరం కూడా అతనికి రాలేదు. ఆ నవ్వు తనూ చూసిన నారాయణమ్మ ఆ సాయంత్రం ఊరందరికీ వినపడేట్టు, "మూసిపెట్టి అంటగట్టినారు మాకు" అని మాత్రం ఓ పూటంతా శోకాలు పెట్టింది.

ఇంకొకటి కూడా ఆ రోజుల్లోనే జరిగింది. ఆ ఊళ్ళో విత్తనాల కాలంలో 'రాదు' అనే మాట ఎవరి నోటా రాకూడదు. బస్సు రాదు అనరు, "బస్సు నిలిచింది" అంటారు. బావిలో నీళ్ళు రావు అనరు, "ఊట నిదానంగా ఉండాది" అంటారు. ఆ మాట మొయిలు చెవిన పడితే వాన తిరిగిపోతుందని వాళ్ళ నమ్మకం. వానను గురించి ఎవరు అడిగినా ఒకటే జవాబు, వస్తాదిలే. ఈ కట్టుబాటు తెలియని కొత్తకోడలు ఆకాశం చూసి, "ఈ పొద్దు వాన రాదులే అత్తా, వడియాలు ఎండబెడదామా?" అంది. నారాయణమ్మ చెంప మీద ఒక్కటిచ్చి, బాన దగ్గరికి లాక్కుపోయి, మూడుసార్లు నోరు కడిగించింది. "అంత నోటికి అంత మాటా" అంది. ఆ ఏడు పంట పోయింది. పోయిన పంటంతా కోడలి ఇరిగిన పన్ను సందులోంచే పోయిందని చాలాకాలం చెప్పుకున్నారు.

నాలుగేళ్ళ కిందట బొబ్బ ముదిరి ముఖమంతా వాచి కన్ను మూసుకుపోతే, కాయలు పీకే రోజుల్లో మనిషి పనికిరాకుండా పోతోందని చౌడప్ప ఆమెను గుంతకల్లులో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరు చూసి, దెబ్బ ఎప్పుడు తగిలిందని అడిగాడు. చెబితే తల ఊపాడు. "అప్పుడే, ఒకటి రెండు రోజుల్లో తెచ్చి ఉంటే లోపలి నరాన్ని బతికించేవాళ్ళం. ఇప్పుడు ఎముక కూడా తినేసింది. తీసేయడమే" అన్నాడు. చౌడప్ప ఒప్పుకోలేదు. నల్లదైనా ముందుపన్ను పన్నే కదా, లేకుండా చేసి ఇంటికి పిల్చుకపోతే అమ్మ ఏమంటుంది? మందు రాయించుకుని తిరిగి వచ్చారు. దారిపొడుగునా తిమ్మక్క ఆ ఒక్క మాటనే పట్టుకుని వచ్చింది. ఒకటి రెండు రోజులు. తన బతుకు మొత్తం ఆ ఒకటి రెండు రోజుల్లో జారిపోయిందన్నమాట. ఆ రోజుల్లో నాయన ఏం చేశాడు? పేడ వెతికాడు.

ఈ ఏడు మృగశిర ఎండిపోయింది. ఆరుద్ర సగం ఎండిపోయింది. ఒలిచిన గింజలు గోనెల్లో చూస్తూ కూర్చున్నాయి. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి కుందుర్పి వైపు నుంచి నల్లటి మొయిలు లేచి, ఎవరూ గోనెపట్ట కప్పుకునేలోగా కుండపోతగా కురిసింది. ముసలివాళ్ళు కూడా వాకిట్లోకి వచ్చి తడిశారు. పిల్లలు ఇంటి ముందర బండల మీద గంతులేశారు. తిమ్మక్క కూతురు సుంకమ్మ, తొమ్మిదేళ్ళది, నోరంతా తెరిచి ఆకాశంలోకి చూస్తూ, వాననీళ్ళు తాగుతూ గిరగిరా తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ జారి, బండ అంచుకు నోరు తగిలేట్టు బోర్లా పడింది.

తిమ్మక్క పోయి ఎత్తుకుంది. పైట తడిపి రక్తం తుడిచి చూసింది. అదే పన్ను. అదే సగం. విరిగినచోట నడిమధ్యన గురిగింజ కొసంత ఎర్రటి చుక్క. బతికున్న నరం. తన నోట్లో ఒకప్పుడు బతికుండి, తను ఎన్నడూ చూసుకోనిది. గాలి తగిలితేనే పిల్ల కెవ్వుమంటోంది. నొప్పి పుడుతోందంటే ఇంకా బతికే ఉందన్నమాట. లేచి చూసేసరికి నారాయణమ్మ అప్పటికే పన్నుముక్క ఏరి, కొట్టంలోంచి పేడ తెచ్చి, ముద్దలో పెట్టి, మిద్దె మీదికి విసిరేసి చేతులు కడుక్కుంటోంది.

"ఏడవద్దులేమ్మే సుంకీ. మళ్ళీ వస్తాదిలే."

చౌడప్ప అప్పటికి విత్తనం వేసే గొర్రు బయటికి తీసి బిగిస్తున్నాడు. తిమ్మక్క పోయి అతని పక్కన నిలబడింది.

"ఇదో, రేపు పొద్దున బస్సుకు పాపను గుంతకల్లుకు పిల్చుకపోదాం."

"రేపా? రేపు ఇత్తనం ఎయ్యొద్దా?"

"ఒకటి రెండు దినాల్లో తెస్తే నరం బతుకుతాదని ఆ డాక్టరు నీ ముందరే చెప్పినాడు కదా."

"చెప్పినాడులే. ఎన్ని దినాలకు వచ్చినాది ఈ వాన? నేల పదును ఆరిపోయినంక గింజలు మన్నులో పోసుకోవాల్నా? పన్ను యాడికి పోతాది, నోట్లోనే ఉంటాది కదా."

"పన్నుకు కూడా పదునుంటాది."

చౌడప్ప చేస్తున్న పని ఆపి ఆమె ముఖంలోకి చూశాడు. అతనికి నిజంగానే అర్థం కాలేదు. "పన్నుకు పదునేమిటికే? కత్తా అది?" అన్నాడు. వసారాలోంచి నారాయణమ్మ నవ్వింది. ఆమెకు అది మంచి మాటలాగా తోచి, మరునాడు చేలో కూడా నలుగురికి చెప్పింది.

"పోనీ నేనొక్కదాన్నే పిల్చుకపోతా. మీరు ఏసుకోండి."

"నువ్వు పోతే గొర్రు ఎనకాల గింజ ఇడిచేదెవురు? నీ చెయ్యి మాదిరి ఎవురికుండాది?"

అతను ఆ ఇంట్లో ఆమెను మెచ్చుకున్న మాట ఏదన్నా ఉంటే అదొక్కటే. గొర్రు వెనక నడుస్తూ గొట్టంలోకి గింజలు వదలడంలో తిమ్మక్క చెయ్యికి సాటి లేదు. ఎడం తప్పదు, రెండు గింజలు ఒకచోట పడవు, చాలు చివరిదాకా ఒకే తీరు. ఇన్నేళ్ళూ ఆమె లోపల్లోపల ఆ మాటను దాచుకుని సంబరపడింది. దాన్నే తాడు చేసి ఇప్పుడు కట్టేశారు. పోతానంటే చెయ్యి పట్టుకుని ఆపేవాళ్ళు లేరు, అదీ నిజమే. కానీ ఆమె కూడా సేద్యం ఇంట్లో పుట్టిందే. పదును పోతే ఏడాది పోతుందని ఆమెకు ఒకరు చెప్పాలా? గింజ పడకపోతే ఆ పిల్లే ఆకలికి ఏడుస్తుంది. పన్నుకైతే ఏడుపు కొన్నాళ్ళే, ఆ తర్వాత ఉండదు. ఆ తర్వాత ఉండేది ఏమిటో ఆమెకు తప్ప ఇంకెవరికి తెలుసు? తెలిసినదాని మాటకు విలువ లేదు, విలువున్నవాళ్ళకు తెలియదు. ఆమె గింజల ఒడి కట్టుకుని చేలోకి నడిచింది.

సుంకమ్మను గట్టున వేపచెట్టు కింద కూర్చోబెట్టారు. పిల్ల నోట్లో గుడ్డ కుక్కుకుని కూర్చుంది. గొర్రు అటు పోయినప్పుడు తిమ్మక్కకు పిల్ల కనపడదు, ఇటు తిరిగినప్పుడు కనపడుతుంది. గాలి వీచినప్పుడల్లా పిల్ల ముఖం తిప్పుకోవడం కనపడుతుంది. పిడికిలి మొత్తం ఒక్కచోటే గుమ్మరించి, ఒడి విప్పి దులిపేసి పోదామా అనిపించింది ఆమెకు. అలా అనుకుంటూ కిందికి చూసుకుంటే, చెయ్యి ఎప్పటిలాగే ఒక్కొక్క గింజ వదులుతూనే ఉంది. తన చెయ్యి తన మాట వినడం లేదు. పుట్టినప్పటి నుంచి ఆ చెయ్యికి అందరి మాటా వినడం నేర్పారు, తన మాట తప్ప. ఆ రోజు ఆమె తన చెయ్యిని అసహ్యించుకుంది.

వాళ్ళ చేను అయిపోయింది. అయితే వాళ్ళ చేనికి సాయం వచ్చినవాళ్ళకు బదులు పోవాలి కదా. సుంకప్ప చేను, తిప్పేస్వామి చేను, ఆ పక్కన ఇంకొకరిది. "బదులు ఎగ్గొడితే మల్లీ ఎవురొస్తారు?" అన్నాడు చౌడప్ప. పదును ఆరిందాకా అలా ఒక చేలోంచి ఒక చేలోకి తిరిగారు. ఆఖరి చేను అయిన రోజు ఇంటికి వస్తుంటే సుంకమ్మ ఎదురు పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, ఇప్పుడు నీళ్ళు తాగినా నొప్పి లేదు."

తిమ్మక్క దారిలోనే పిల్లను ఆపి, నోరు తెరిపించి చూసింది. నారాయణమ్మ మాత్రం, "నేను చెప్పలేదా, దానంతట అదే సర్దుకుంటాదని" అంది.

అయినా తిమ్మక్క పట్టుబట్టి పిల్లను గుంతకల్లుకు తీసుకుపోయింది. చౌడప్పే వెంట వచ్చాడు. డాక్టరు సన్నని చువ్వతో విరిగిన పన్నును తట్టి చూశాడు. విరిగినచోట గుచ్చి చూశాడు. "నొప్పి లేదు" అని పిల్ల గొప్పగా చెప్పింది. ఆయన చువ్వ పక్కన పెట్టాడు. "వేరు ఇంకా పూర్తిగా పెరగలేదు. ఇక పెరగదు. శుభ్రం చేసి మూస్తాను, ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పలేను. రంగు మారుతుంది. చీము పట్టొచ్చు. ఆ తర్వాత..." అని ఆమె వైపు చూసి, ఆమె కొంగును చూసి ఆగిపోయాడు. తిమ్మక్క కొంగులోంచే, "తెలుసునయ్యా" అంది. తిరిగి వచ్చేటప్పుడు రాయదుర్గంలో చౌడప్ప కూతురికి ఎర్ర రిబ్బను కొనిచ్చాడు. కూతురంటే ప్రేమ లేనివాడు కాదు. "నొప్పి లేదంటాంది కదా, ఇంకేమిటికి ముఖం అట్ల పెట్టుకుంటావు?" అని పెళ్ళాన్ని ఓదార్చాడు కూడా.

మొలకలు చక్కగా వచ్చాయి. చాళ్ళు ఎక్కడా ఖాళీ లేకుండా తీర్చినట్టు వచ్చాయి. చూసినవాళ్ళంతా తిమ్మక్క చెయ్యి అన్నారు. తర్వాత రెండో వాన కోసం చూశారు. మొయిళ్ళు వచ్చాయి, పోయాయి. గాలి ఒకటే తిరిగింది. పచ్చగా లేచిన ఆకులు మధ్యాహ్నానికి ముడుచుకుని సాయంత్రానికి విచ్చుకునేవి, తర్వాత్తర్వాత సాయంత్రం కూడా విచ్చుకోలేదు. చౌడప్ప పొద్దుగూకులూ వాకిట్లో బండ మీద కూర్చుని పైకి చూసేవాడు. ఎవరు పలకరించినా నారాయణమ్మ, "వస్తాదిలే" అనేది. వినీ వినీ తిమ్మక్కకు ఆ మాట చెవిలో గవ్వలు దొర్లినట్టు ఉండేది.

ఆ రోజు కూడా చౌడప్ప బండ మీద ఉన్నాడు. నారాయణమ్మ వక్కాకు నూరుకుంటోంది. పక్కింటి మారెమ్మ నిప్పుకని వచ్చి కబుర్లలో పడింది. సుంకమ్మ గోడకున్న చిన్న అద్దంలో ముఖం చూసుకుంటూ రిబ్బను కట్టుకుంటోంది. మారెమ్మ ఏదో తమాషా మాట అంటే పిల్ల నవ్వింది. నవ్వుతూ అరచెయ్యి తెచ్చి నోటికి అడ్డం పెట్టుకుంది.

తిమ్మక్క చేటలో రాళ్ళేరుతున్నది ఏరుతున్నట్టే ఆగిపోయింది. ఆ పిల్లకు అది ఎవరూ నేర్పలేదు. పరికిణీ కట్టే వయసు, అడ్డం పెట్టుకోవడానికి కొంగు కూడా లేదు దానికి. మారెమ్మ ముచ్చటపడి, "అచ్చం అమ్మ పోలికే నారాయణమ్మా, ఎంత సిగ్గుండాదో చూడు" అంది.

అద్దంలోంచి ఇటు తిరిగి సుంకమ్మ అడిగింది. "అమ్మా, అవ్వ మిద్దె మీదికి ఏసింది కదా నా పన్ను. ఎప్పుడొస్తాది?"

జవాబు అందరికీ తెలిసిందే. నారాయణమ్మ నోట్లో వక్కాకు ఉంది కాబట్టి కోడలే అంటుందిలే అని ఊరుకుంది. చౌడప్ప ఆకాశంలోంచి చూపు తిప్పలేదు. తిమ్మక్కకు పిడక నానబెట్టుకుంటూ కూర్చున్న నాయన కనిపించాడు. ఆ మాట ఎంత మెత్తగా ఉంటుందో, దాన్ని నమ్ముకుని ఎన్ని తెల్లవారుజాములు నాలుకతో తడుముకున్నదో గుర్తొచ్చింది.

"రాదు" అంది.

చౌడప్ప గిరుక్కున తిరిగాడు. మారెమ్మ లేచి నిలబడింది. నారాయణమ్మ వక్కాకు ఉమ్మేసి, "ఏమన్నావే? ఈ దినాల్లో ఏం మాటే అది? పో, పొయ్యి నోరు కడుక్కో" అంది.

తిమ్మక్క లేచింది. బాన వైపు పోలేదు, కొంగు పైకి జరపలేదు. కూతురి దగ్గరికి పోయి, నోటి మీదున్న ఆ చిన్న చెయ్యిని పట్టుకుని కిందికి దించింది.

"రాదు సుంకీ. వచ్చేదైతే నాకు వచ్చిండేది."